మొలతాడు నల్లబడిన ఊరు

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న సాయంత్రం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ నుంచి వచ్చి, లాబ్ కోటు కుర్చీ మీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది. హాలంతా కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మా ఆవిడ ముందు ఫ్రిజ్ తెరిచి చూసింది, తర్వాత వంటింటి తూము దగ్గర వంగి చూసింది. నేను కోటు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. హైడ్రోజన్ సల్ఫైడ్! సాల్ట్ ఎనాలిసిస్ చేసిన వాళ్ళెవరూ ఆ వాసనను మరచిపోరు. మా కాలేజీలో ఆ వాయువు తయారుచేసే కిప్ పరికరాన్ని కిటికీ పక్కన ఒక మూల పెట్టేవారు. మాస్టారు మాత్రం అటువైపు వచ్చేవారు కాదు.

అయితే ఆ క్షణంలో నాకు కాలేజీ గుర్తుకు రాలేదు. జపానులో కుసాత్సు అనే కొండ ఊరు గుర్తుకొచ్చింది. మంచు, ఆవిరి, చలికి వణుకుతూ చెక్క గదిలో నిలబడ్డ నలుగురు తెలుగువాళ్ళు.

ఆ సంగతి చెబితే మా ఆవిడ, "పెళ్ళయిన కొత్తలో ఊటీ వెళ్ళింది అడిగితే సగం గుర్తులేదంటారు. మగవాళ్ళంతా కలిసి స్నానం చేసింది మాత్రం బాగా గుర్తుంది" అంది. నిజమే, ఏం చేస్తాం.

* * *

2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వై2కె హడావుడి ముగిసినా, దాని పుణ్యమా అని టోక్యోకు వచ్చిపడ్డ మనవాళ్ళు ఇంకా అక్కడే ఉన్న రోజులవి. అందరి కాపురమూ అక్కడి నిషికసాయి అనే పేట చుట్టుపక్కలే. మేం నలుగురం రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఒకరినొకరు అసలు పేర్లతో పిలుచుకున్న గుర్తు లేదు. శాకాహారి, పైగా ప్రతి విషయమూ తనకు ముందే తెలుసన్నట్టు మాట్లాడేవాడు కనుక ఒకడు పంతులు. మణుగూరులో బొగ్గు గని ఉద్యోగి కొడుకు సింగరేణి. మూడోవాడు నెల్లూరు. నేను శ్రీకాకుళం.

ఇంటికి ఫోను చేయాలంటే కార్డు కొనుక్కోవాలి. కార్డు వెనక ఉన్న అంకెల్ని నాణెంతో గీకి, ఆ వరసంతా నొక్కి, అవతల అమ్మ "హలో" అనేలోపు ఎన్ని నిమిషాలు మిగిలాయో ఒక ఆడగొంతు చెబుతుంది. అమ్మ ఆ ఆడగొంతుకు కూడా సమాధానం చెప్పేది.

ఆ ఇంట్లో స్నానాల తొట్టి పొట్టిగా, లోతుగా ఉండేది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి. జపాను వాళ్ళు తొట్టి బయట శుభ్రంగా ఒళ్ళు రుద్దుకుని, కడుక్కుని, ఆ తర్వాతే అందులో దిగి నానుతారు. ఇంటిల్లిపాదికీ ఆ నీళ్ళే. మాకు అది రుచించలేదు. వంద యెన్‌ల దుకాణంలో ఒక బకెట్టు, ఒక చెంబులాంటిది కొనుక్కొచ్చి, తొట్టిని నీళ్ళు నిలవ చేసుకునే గోలెంగా మార్చేశాం.

మా ప్రాజెక్టులో యాభై దాటిన జపాను పెద్దాయన ఒకరు ఉండేవారు. మితభాషి. ఒకరోజు మా ఇంటికి భోజనానికి వచ్చి, చేతులు కడుక్కోవడానికి స్నానాల గదిలోకి వెళ్ళి, ఆ బకెట్టునూ చెంబునూ చూశారు. బయటికొచ్చి ఏమీ అనలేదు. మరుసటి వారం నాలుగు జిరాక్సు కాగితాలు మా బల్లల మీద పెట్టారు. ఏ రైలు, ఎన్ని గంటలకు, ఎక్కడ దిగాలి, ఏ బస్సు, ఎక్కడ భోజనం, అన్నీ నిమిషాలతో సహా చేత్తో రాసిన పట్టిక. పైన ఊరి పేరు. మమ్మల్ని అడగనేలేదు. వెళుతున్నాం, అంతే.

* * *

టోక్యోలో ఉఎనో స్టేషనులో రైలెక్కితే కుసాత్సుకు దిగే స్టేషనుకు సుమారు రెండున్నర గంటలు. చివరి భాగం అగాత్సుమా నది లోయ వెంట సాగుతుంది. ఒకచోట పెద్దాయన ఉన్నట్టుండి లేచి నిలబడి, కిటికీ వైపు చేయి చూపించి "ఇప్పుడు, ఇప్పుడు" అన్నారు. మేం తలెత్తేలోపు ఏదో నీడ తటాలున దాటిపోయింది. అది జపాను రైల్వేలోకెల్లా చిన్న సొరంగమట. పొడవు 7.2 మీటర్లు! ఒక బోగీ కూడా పూర్తిగా పట్టదు. పంతులు మాత్రం చూశానన్నాడు.

ఆ తర్వాత కవరయు అనే చిన్న స్టేషను వచ్చింది. అక్కడా వేడినీళ్ళ బుగ్గలే, లోయలో పాత సత్రాలు. ఈ ఊరు మునిగిపోతుందని, ఆనకట్ట కట్టబోతున్నారని పెద్దాయన చెప్పారు. ఎప్పుడని అడిగితే నవ్వారు. ఆ యంబా ఆనకట్ట ఆలోచన ఆయన చిన్నప్పటిదట. మునుగుతుంది, మునగదు అనుకుంటూనే ఆ ఊళ్ళో రెండు తరాలు గడిచాయి. మన దగ్గర ప్రాజెక్టుల కింద ఊళ్ళు పోయినవాళ్ళకు ఈ ఎదురుచూపు కొత్తగా చెప్పనక్కరలేదు. చివరికి 2014లో రైలుదారిని పైకి మళ్ళించారు. 2020లో ఆనకట్ట పూర్తయింది. స్టేషనూ సత్రాలూ గట్టు మీదికి మారాయి, పాతవి ఉన్న చోట ఇప్పుడు జలాశయం. ఆ చిట్టి సొరంగం గుండా ఇక రైళ్ళు పోవు.

రైలు దిగాక బస్సు కొండెక్కుతుంది. కుసాత్సు దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. బస్సు తలుపు తెరుచుకోగానే మంచుగాలితోపాటు ఆ వాసన కొట్టింది. నెల్లూరు ముక్కు మూసుకుని, "ఎవరన్నా కిప్ పరికరం పగలగొట్టారా?" అన్నాడు.

* * *

ఊరి నడిమధ్య గుడి ఉండాలి, లేదా రచ్చబండ ఉండాలి అనుకునే కళ్ళకు అక్కడ కనిపించింది పొగలు కక్కే ఒక చెరువు. యుబతకే అంటారు. నిమిషానికి సుమారు 4,000 లీటర్ల వేడినీళ్ళు భూమిలోంచి ఉబికి వచ్చి, బారుగా పరిచిన ఏడు చెక్క కాలువల్లోంచి పారి, పచ్చటి మడుగులోకి దూకుతుంటాయి. ఆ కాలువలు అలంకారానికి కాదు. యాభై డిగ్రీలు దాటిన నీళ్ళు అలా పారుతూ పారుతూ కాస్త చల్లబడతాయి. చెక్క మీద తెల్లగా, పసుపుగా గంధకం పేరుకుంటుంది. దాన్ని గోకి తీసి, ఎండబెట్టి, పొట్లాలు కట్టి అమ్ముతారు. పూర్వం జపానును ఏలిన సైనిక పాలకుల్లో ఎనిమిదో తోకుగావా షోగును యోషిమునే ఇక్కడి నీళ్ళను ఎదోకు, అంటే నేటి టోక్యోకు, మోయించుకునేవాడట. నీళ్ళు తోడిన చోట చెక్కచట్రం ఇప్పటికీ చూపిస్తారు.

చల్లబరచడానికి ఇంకో పద్ధతి ఉంది. పక్కనే ఒక మండపంలో ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఆరడుగుల చెక్కపలకలతో తొట్టిలోని నీళ్ళను లయగా కుమ్ముతూ పాడతారు. చన్నీళ్ళు కలిపితే మందు పలచబడుతుందని వాళ్ళ నమ్మకం. అందుకే కలియబెట్టి చల్లార్చాలి. మమ్మల్ని కూడా పలకలు పట్టుకోమన్నారు. పొలంలో గూడ వేసిన అనుభవం నాకు కాస్త ఉంది కనుక లయ అందుకున్నాను. పంతులు రెండుసార్లు కుమ్మి, తడిసి, పక్కకు తప్పుకుని, పద్ధతి ఎలా ఉండాలో మాకు వివరించాడు.

ఆ నీళ్ళు మహా ఆమ్లం. పీహెచ్ రెండుకు అటూ ఇటూ. ఇనుప మేకును వేలాడదీస్తే పది రోజుల్లో సూదిలా సన్నబడిపోతుందని చెప్పారు. ఊరి కింద ఏటిలో అందుకే చేపలు బతికేవి కావు, వంతెనల కాంక్రీటు తినిపోయేది. 1964 నుంచి ఆ ఏటిలోకి రాత్రింబవళ్ళు సున్నపురాతి పొడి కలిపిన నీళ్ళు వదులుతున్నారు. ఆ ఏరు పోయి పోయి తోనే నదిలో కలుస్తుంది, తోనే నీళ్ళు టోక్యో కుళాయిల్లోకీ వస్తాయి. సింగరేణి ఇదంతా విని, "ఆమ్లానికి సున్నం, మనం తొమ్మిదో తరగతిలో చదివిందేగా! అయితే ఇంతమంది ఇన్నేళ్ళుగా ఆ ఒక్క పనే చేస్తున్నారా?" అని చాలాసేపు ఆశ్చర్యపోయాడు. జపాను గురించి నాకు అర్థమైనదంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

* * *

ఇక అసలు సంగతి.

ఊళ్ళో జనం కోసం ఉచిత స్నానశాలలు చాలా ఉన్నాయి. యుబతకే పక్కనే షిరహత నో యు. పాత చెక్క భవనం, టికెట్టు లేదు. మగవాళ్ళకు ఒక తలుపు, ఆడవాళ్ళకు ఒక తలుపు. లోపల బట్టలు పెట్టుకునే అరలు, వాటికి ఆనుకునే స్నానపు గది. దాచుకునేందుకు చోటేమీ లేదు. పెద్దాయన మా మొహాలు చూడకుండా, ఆఫీసులో కోటు విప్పినంత మామూలుగా అన్నీ విప్పి, మడతపెట్టి, చిన్న తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డారు.

మేం నలుగురం గోడవైపు తిరిగాం.

ముందు పంతులు. చొక్కా విప్పాక జంధ్యం ఒకటి మిగిలింది. అది తీసేది లేదు, సరే. తర్వాత సింగరేణి. అందరికంటే ధైర్యంగా అన్నీ విప్పాడు. నడుముకు వెండి మొలతాడు! విమానం ఎక్కేముందు వాళ్ళమ్మ చేయించి కట్టిందట. "తీసెయ్" అన్నాడు నెల్లూరు. "నీకేమన్నా పిచ్చా? మొలతాడు తీస్తారా ఎవరన్నా? మా అమ్మకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా?" అని కసిరాడు వాడు. మొలతాడు ఎప్పుడు తెంపుతారో తెలుగువాడికి చెప్పాలా? నెల్లూరు ఇంక నోరెత్తలేదు.

నెల్లూరుది ఇంకో చిక్కు. వాడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. చిన్నప్పుడు తిరునాళ్ళలో వాళ్ళ నాయనమ్మ దగ్గరుండి పొడిపించిందట. జపాను స్నానశాలల్లో పచ్చబొట్టు అంటే గూండాల గుర్తు, చాలాచోట్ల లోపలికి రానివ్వరు. పెద్దాయన ఇది ముందే కనిపెట్టి, బయలుదేరేముందు మందుల దుకాణంలో ఒంటిరంగు పట్టీ కొనిపెట్టారు. ఎంత ఒంటిరంగంటే, జపాను ఒంటిరంగు. నెల్లూరు చేతి మీద అది సున్నం పూసినట్టు మెరిసింది. తేలు ఉన్నప్పటికంటే అందరి కళ్ళూ ఇప్పుడే దాని మీద పడ్డాయి.

నా ఒంటి మీద ఏమీ లేదు. అదే నాకు ఇబ్బందిగా తోచింది.

లోపల రెండు తొట్లు. ఒకటి వేడి, ఇంకోటి మరీ వేడి. పాలు కలిపినట్టున్న తెల్లటి నీళ్ళు. ముందుగా చెక్క బొక్కెనతో నీళ్ళు ముంచి ఒంటి మీద, తల మీద పోసుకోవాలి. నేను ఒక బొక్కెన పోసుకుని కేక పెట్టాను. మూలనున్న ముసలాయన కళ్ళు తెరిచి, నన్ను చూసి, మళ్ళీ మూసుకున్నాడు. పాదం పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి ఊపిరి బిగబట్టి మెడదాకా కూర్చున్నాను. పొద్దున గడ్డం గీసుకున్నప్పుడు తెగిన చోట భగ్గుమంది. పెదవికి తగిలిన చుక్క పుల్లగా ఉంది. ఒకసారి కూర్చున్నాక కదలకూడదు. కదిలితే కొత్త వేడి తగులుతుంది. నలుగురం బొమ్మల్లా, ఎదురెదురుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. అన్ని నెలలు ఒకే ఇంట్లో ఉన్నా అలా ఎదురెదురుగా, చేతిలో ఏ పనీ లేకుండా కూర్చోలేదు.

కాసేపటికి నీళ్ళ మీద తెల్లటి పట్టీ ఒకటి తేలుతూ వచ్చింది. నెల్లూరు గబుక్కున చేయి నీళ్ళలో దాచాడు. మూలనున్న ముసలాయన పట్టీని రెండు వేళ్ళతో ఎత్తి గట్టున పెట్టి, నెల్లూరు వైపు చేయి చాచాడు, చూపించమన్నట్టు. వాడు బిక్కచచ్చిపోయి చేయి ఎత్తాడు. ముసలాయన తేలును దగ్గరగా చూసి, ఏదో అని, గట్టిగా నవ్వాడు. ఏమన్నాడని అడిగితే పెద్దాయన చెప్పారు: "పనితనం ఏమీ బాగాలేదు అంటున్నాడు."

బయటికొచ్చి ఒళ్ళు తుడుచుకుంటుంటే సింగరేణి కెవ్వుమన్నాడు. మొలతాడు నల్లగా, బొగ్గులా అయిపోయింది. పంతులు వంగి పరీక్షగా చూసి, "సిల్వర్ సల్ఫైడ్. బ్లాక్ ప్రెసిపిటేట్" అని ఇంటర్ రికార్డు పుస్తకం అప్పజెప్పాడు. "ముందే తెలిస్తే చెప్పొచ్చు కదరా!" "నువ్వు అడిగావా?" ఆ రాత్రి సత్రంలో సింగరేణి టూత్‌పేస్టు పెట్టి మొలతాడు తోముతూ కూర్చున్నాడు. పూర్తిగా తెల్లబడలేదు. అమ్మకు ఫోనులో ఆ సంగతి చెప్పనూ లేదు.

* * *

మర్నాడు సాయినోకవరా ఆరుబయటి తొట్టికి వెళ్ళాం. చెరువంత ఉంటుంది, చుట్టూ మంచు, తల మీద మంచు రాలుతుంటే మెడదాకా వేడినీళ్ళు. దారిలో పార్కులో ఒక జర్మను డాక్టరు విగ్రహం. ఎర్విన్ బెల్జ్. 1876లో జపాను వచ్చి టోక్యోలో వైద్యవిద్య బోధించాడు, ఈ నీళ్ళ గురించీ ఈ కొండగాలి గురించీ ఐరోపాకు చాటాడు. ప్రేమరోగం తప్ప మిగతా అన్నిటినీ ఈ నీళ్ళు నయం చేస్తాయని అక్కడి సామెత. దుకాణంలో ఉచితంగా చేతిలో పెట్టిన వేడివేడి మంజు, అచ్చం పైపిండి మెత్తబడిన పూర్ణం బూరె, పంతులు ఆ ట్రిప్పులో మనస్ఫూర్తిగా తిన్న ఏకైక వస్తువు. అటు వెళ్ళినప్పుడొకటి, ఇటు వచ్చినప్పుడొకటి, మళ్ళీ కొత్తవాడిలా ఇంకొకటి. సాయంత్రం స్నానం అయ్యాక గాజుసీసాలో చల్లటి కాఫీపాలు కొని, పెద్దాయన చూపించినట్టు, ఒక చేయి నడుము మీద పెట్టుకుని గటగటా తాగాం.

* * *

తిరిగొచ్చాక ఇంటికి ఫోను చేసి నాన్నకు ఇదంతా చెప్పాను. మొలతాడు సంగతికి అమ్మ వెనక నుంచి నవ్వింది. నాన్న నవ్వలేదు. చర్మవ్యాధులకు మంచి నీళ్ళని ఊరంతా చెబుతారన్న మాట దగ్గర ఆగి, "అయితే మావాళ్ళు కూడా వచ్చేవారా అక్కడికి?" అని అడిగారు.

మావాళ్ళు అంటే కుష్ఠురోగులు. నాన్న లెప్రసీ విభాగంలో పనిచేసేవారు. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అప్పట్లో ఆ జబ్బు ఎక్కువ. సైకిలు మీద ఊరూరూ తిరిగి, కళ్ళు మూసుకోమని చెప్పి, దూది పీచుతో మచ్చ మీద తాకించి "తెలిసిందా?" అని అడిగేవారు. తెలియలేదంటే పేరు రాసుకుని మాత్రలు ఇచ్చేవారు. ముందు డాప్సోను ఒక్కటే, ఎనభైల్లో మూడు రకాల మందులు కలిపి.

మా ఊరి ఏటి రేవుల్లో ఎవరి రేవు వారిది. పెద్దకులాలది పైన, కింద ఇంకొకరిది, ఆ కింద చాకిరేవు, ఇంకా కింద ఇంకొకరిది. పారే నీళ్ళకు కూడా ఎగువా దిగువా పంచుకున్నారు. నాన్న సాయంత్రం ఊళ్ళు తిరిగొచ్చి పైరేవులో దిగితే, ముందే నీళ్ళలో ఉన్న ఇద్దరు ముగ్గురు మెల్లగా గట్టెక్కేవారు. "అంటుకోదయ్యా" అని నాన్న ఎవరితోనూ వాదించగా నేను వినలేదు. నింపాదిగా మునిగి, తల తుడుచుకుని వచ్చేవారు. కొన్నాళ్ళకు అమ్మ పెరట్లో తడిక కట్టించి, వేడినీళ్ళ కాగు పెట్టింది. ఆ తర్వాత నాన్న ఏటికి వెళ్ళడం మానేశారు. పెద్దయ్యాక నేను కట్టించిన ఇంట్లో బాత్రూములకు లోపల రెండేసి గడియలు.

సోమవారం ఆఫీసులో పెద్దాయనను నాన్న ప్రశ్న అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా జిరాక్సు పట్టిక వెనక్కి తిప్పి, యుబతకే గీసి, దానికి దిగువన ఒక గుండ్రం చుట్టారు. యునోసవా. 19వ శతాబ్దం చివర రోగులను ఊరి నడిమి నుంచి వేరుచేసి అక్కడ ఉంచారట. 1916లో కార్న్‌వాల్ లీ అనే ఇంగ్లీషు మిషనరీ మహిళ వచ్చి, అక్కడే ఉండి సేవ చేశారు. 1932లో ఊరికి అవతల కురియు రకుసెన్-ఎన్ అనే ప్రభుత్వ ఆశ్రమం పెట్టారు. తర్వాత దిగువ వాడనంతా ఖాళీ చేయించి వాళ్ళను అక్కడికి తరలించారు. మందు వచ్చి జబ్బు నయమవుతున్నా నిర్బంధం చట్టంలో అలాగే ఉండిపోయింది. దాన్ని రద్దు చేసింది 1996లో. ఇదంతా ఆయనకు వచ్చిన కొద్ది ఇంగ్లీషులో, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పారు. ఆఖరున, "మీ నాన్నగారు మంచి ప్రశ్న వేశారు" అన్నారు.

ఆ మాట నాన్నకు చెప్పాను. "వాళ్ళకైనా ఎగువ నీళ్ళు దొరకలేదన్నమాట" అని ఊరుకున్నారు. కార్డులో నిమిషాలు ఇంకా మిగిలి ఉన్నాయి, అమ్మ తీసుకుని నెయ్యి ధర గురించి చెప్పింది.

* * *

పెద్దాయన రిటైరయ్యి చాలాకాలమైంది. కొన్నేళ్ళు కొత్త సంవత్సరం కార్డు పంపేవారు, చేత్తో రాసి. 2018 జనవరిలో కుసాత్సు పైనున్న అగ్నిపర్వతం పేలి, స్కీయింగ్ చేస్తున్న వాళ్ళ మీద రాళ్ళు పడ్డాయని వార్తల్లో చూసి ఆయనకు ఉత్తరం రాశాను. జవాబుగా యుబతకే ఫోటో ఉన్న పోస్టుకార్డు వచ్చింది, వెనక ఒకటే వాక్యం: నీళ్ళు మామూలుగానే ఉన్నాయి.

నాన్న పోయి నాలుగేళ్ళు. పంతులు బెంగళూరులో, నెల్లూరు డల్లాస్‌లో. సింగరేణి ఉద్యోగం మానేసి మణుగూరు వెళ్ళిపోయాడు. తేలు పచ్చబొట్టు అమెరికాలో ఇప్పుడు ఫ్యాషనట, నెల్లూరు పొట్టి చేతుల చొక్కాలే వేస్తున్నాడు.

మొన్న లాబ్ కోటు ఫోటో తీసి మా నలుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అయిదు నిమిషాల్లో మళ్ళీ జపాను వెళ్ళాలన్న తీర్మానం, పది నిమిషాల్లో మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు, అంత వేడినీళ్ళలో దిగవచ్చా అని డాక్టరును అడగాలన్న సవరణ. సింగరేణి వాయిస్ మెసేజి పెట్టాడు: "జపాను తర్వాత చూద్దాం. మా మణుగూరు పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచే వేడినీళ్ళు వస్తాయి. భద్రాచలం పక్కన గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే చాలు. టికెట్టు లేదు, పట్టీ అక్కరలేదు, ఎగువా దిగువా అనేవాడు లేడు. ఈ చలికాలం రండి. ఒక పార నేను తెస్తా, ఇంకొకటి మీరు తెచ్చుకోండి."

నెల్లూరుకు సెలవు దొరకదట. నేను వస్తున్నానన్నాను, అమ్మాయి కూడా వస్తానంటోంది. ఇసుక తవ్వే పద్ధతి ఏమిటో పంతులు అప్పుడే మొదలుపెట్టాడు.